నెమ్మదైన పిల్ల

శిక్షణ కేంద్రాల జవాబులు సోమవారం పొద్దున్న ఒకే కట్టగా వచ్చాయి. మొత్తం పద్నాలుగు కవర్లు. కుట్టు టీచరు వాటిని బల్ల మీద వరసగా పరిచి, కత్తెర మొనతో అంచు వెంట ఒక్కొక్కటే కోయసాగింది. కవరు చింపడం ఆవిడకి గిట్టదు. బడిలో కుట్టు పీరియడు ఎత్తేసి మూడేళ్ళయినా, కాగితాన్ని కూడా గుడ్డలాగే చూసే అలవాటు పోలేదు.

పీరియడు ఎత్తేసిన ఏడాదే హెడ్మాస్టరు ఆవిడకి మెట్ల కింద సామాన్ల గది ఒకటి అప్పగించి, పెద్ద తరగతి పిల్లలకి పై చదువుల దారీ, చేతి పనుల దారీ చూపించమన్నాడు. తలుపు మీద "ఉన్నత విద్య, వృత్తి శిక్షణ సలహా కేంద్రం" అని బోర్డు కూడా పెట్టారు. అంత పొడుగు పేరు పలికే ఓపిక ఎవరికుంటుంది? పిల్లలకి అది ఫారాల గది. ఆవిడేమో కుట్టు టీచరుగానే ఉండిపోయింది.

గదికి వచ్చిన పిల్లల్ని "నీకేం ఇష్టం?" అని ఆవిడ అడగదు. ఆ ప్రశ్నకి వాళ్ళు పక్కవాడి జవాబే చెబుతారని ఆవిడకి తెలుసు. "ఊరికే ఉన్నప్పుడు నీ చెయ్యి ఏం చేస్తుంటుంది?" అని అడుగుతుంది. "జేబులో ఉంటుంది టీచర్" అన్న మహానుభావులూ ఉన్నారు. తర్వాత పిల్లచేత పెన్సిలుతో చిత్తు రాయించి, దిద్ది, సిరాతో సాపు రాయిస్తుంది. ఫారం చివర బడివాళ్ళు రాయవలసిన నాలుగు వరుసలు మాత్రం తనే స్వయంగా, గుండ్రటి అక్షరాలతో రాస్తుంది. ఆ నాలుగు వరుసల గురించి ఆవిడకి కాస్త గర్వం కూడా ఉంది.

పదకొండు మందికి సీట్లు వచ్చాయి. ఇద్దరికి రాలేదు, వాళ్ళకి రాదని ముందే అనుకుంది. అందరికంటే ఎక్కువ నమ్మకమున్న కవరుని, ఇష్టమైన ముద్ద చివరికి దాచుకున్నట్టు, ఆఖరికి ఉంచుకుంది. కోసింది. రెండే వాక్యాలు. "మీ దరఖాస్తు పరిశీలించాం. ఎంపిక కాలేదని తెలియజేయడానికి విచారిస్తున్నాం."

మళ్ళీ చదివింది. కాగితం వెనక్కి తిప్పి చూసింది. దరఖాస్తు నంబరు తప్పు పడిందేమోనని తన పుస్తకంలో సరిచూసుకుంది. నంబరు సరిగ్గానే ఉంది.

ఇంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. రేడియో. పిల్లలు పెట్టిన పేరే అయినా టీచర్లు కూడా అలాగే పిలుస్తారు, ఎందుకంటే ఆ పిల్ల ఒకసారి మొదలుపెడితే ఆపే మీట ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

"టీచర్, వచ్చాయంటగా? ప్యూను చెప్పాడు. నాది వచ్చిందా? రాకపోయినా పర్లేదు గానీ మా అమ్మ చంపేస్తుంది, మొన్ననే అంది..."

"ఊపిరి తీసుకోవే. వచ్చింది."

రేడియో నిజంగానే ఒక్క క్షణం ఆగిపోయింది. ఆ తర్వాత బల్ల చుట్టూ తిరిగొచ్చి టీచరు చేతులు పట్టుకుని ఊపేసింది. "అంతా మీ చలవే టీచర్! నేను చురుకైనదాన్నని మీరు రాయబట్టే! ఫారం మీద ఫొటో అంటించేటప్పుడు చదువుకుని ఎంత మురిసిపోయానో. మా ఇంట్లో నన్నెవరూ ఆ మాట అన్లేదు."

కుట్టు టీచరు నవ్వలేక నవ్వింది. ఆ పిల్ల గురించి రాయడానికి వేరే మాట దొరక్క, నాలుకకి ఉన్న చురుకు చేతికి కూడా వస్తుందిలే అని రాసిన మాట అది. పెన్సిలు చెక్కుకుంటే వేలు కోసుకునే రకం. అలాంటి పిల్లని తీసుకుని, అదే కేంద్రం, అదే శిక్షణకి, ఆఖరి కవరు పిల్ల సుద్దముక్కని వద్దంది!

సుద్దముక్క గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఆ పిల్ల ఎక్కడికి వచ్చినా అంతే. తాళాలు బాగుచేసే మేస్త్రి కూతురు. తరగతిలో పారేసిన సుద్దముక్కలు ఏరుకుని, కంపాసు ముల్లుతో వాటిని చెక్కుతుంటుంది. ఒకరోజు ఫారాల గది బల్ల మీద ఒక సుద్ద దవడపన్ను కనిపించింది. పైన గుంటలు, పక్కన వంపు, కింద రెండు వేర్లు, అచ్చం ఇప్పుడే పీకినట్టుంది. టీచరు భయపడి నాలుకతో తన పళ్ళు తడిమి చూసుకుంది కూడా. కట్టుడు పళ్ళు తయారుచేసే శిక్షణ ఒకటుందని వెతికి వెతికి పట్టుకున్నది ఆ పన్ను చూశాకే.

సుద్దముక్క టీచరు మొహం చూసింది. "రాలేదా టీచర్?"

"రాలేదే తల్లీ."

"పర్లేదు టీచర్." ఉత్తరం తీసుకుని, ఉన్న మడతల మీదే మడిచి, నోటు పుస్తకంలో పెట్టుకుంది. "దీనికొచ్చింది కదా, మంచిది. రాకపోతే వాళ్ళమ్మ నిజంగానే కొడుతుంది."

రేడియో నోరు తెరిచి, ఏమీ అనకుండానే మూసింది. ఆ బడిలో అలా జరగడం అదే మొదటిసారి కావచ్చు. సుద్దముక్క చెల్లాచెదురుగా ఉన్న కవర్లని అంచులు కలిపి దొంతరగా పేర్చి, స్నేహితురాలి భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకుపోయింది. కుట్టు టీచరుకి ఒళ్ళు మండిపోయింది. ఏడవాల్సిన పిల్ల ఏడవకపోతే ఆ ఏడుపు పక్కవాళ్ళ గొంతులో అడ్డం పడుతుంది.

మంగళవారం బడి వదిలాక ఆవిడ తాళాల కొట్టుకి వెళ్ళింది. అది కొట్టు అనడానికి లేదు, రెండు మేడల మధ్య మిగిలిపోయిన సందుకి రేకు కప్పి, ముందొక చెక్కబల్ల వేశారు. గోడ నిండా మేకులకి తాళంచెవులు. మేస్త్రి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని లేచి నిలబడ్డాడు. ఏడాదిగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. ఆ చేత్తో తాళం విప్పగలడు గానీ కొత్త తాళంచెవి కొయ్యలేడు.

"రండి టీచరమ్మా. మీరు మాకోసం చాలా శ్రమపడ్డారు. ఏం చేస్తాం, దానికి రాసిపెట్టి లేదు."

"రాసిపెట్టడమేమిటి నా మొహం! ఎవరో కావాలని చేసిన పని. పెద్దవాళ్ళ సిఫారసు ఏదో అడ్డుపడి ఉంటుంది. నేను ఊరుకుంటానా?"

"వద్దులెండి. మందుల గోడౌనులో సీసాలకి చీటీలంటించే పనుందట. సోమవారం నుంచి రమ్మన్నారు. నా చెయ్యి ఇలా అయ్యాక ఇంట్లో ఎవరో ఒకరు కదలాలి కదా. శిక్షణ అయితే అక్కడే భోజనం, పని నేర్చుకుంటూనే ఏదో ఇస్తారన్నారని ఆశపడ్డాం గానీ..."

వెనకాల సుద్దముక్క తల వంచుకుని తాళంచెవి రాస్తోంది. బల్లకి బిగించిన పట్టులో చెవి, దాని మీద ఆకురాయి, గరగరమని ఎడతెగని చప్పుడు. పిల్ల ఎదురుగా ఒక అలారం గడియారం ఉంది. నాలుగు రాపిళ్ళకొకసారి దానివైపు చూస్తోంది.

"అదేమిటి, గడియారం?"

"ఏమో టీచరమ్మా, నెల రోజులుగా అదే వరస," అన్నాడు మేస్త్రి గొంతు తగ్గించి. "ఇన్నేళ్ళలో దాని చేతిలో ఒక్క చెవి పాడవలేదు. నిన్న ఎవరిదో బీరువా చెవి పళ్ళన్నీ అరగదీసేసింది. ఏంటమ్మా ఆ తొందర అంటే మాట్లాడదు."

శిక్షణ కోసం సాధన చేసి ఉంటుంది, ఆ అలవాటింకా పోలేదు కాబోలు అనుకుంది కుట్టు టీచరు. పాపం, ఎంత ఆశ పెట్టుకుందో! ఆ ఆలోచనకి కళ్ళు చెమర్చాయి. కొంగుతో తుడుచుకుని, "గురువారం సెలవు పెట్టి నేనే వెళ్తాను. సోమవారం దాకా ఆ గోడౌను మాటెత్తకండి" అని మాటిచ్చి వచ్చేసింది.

గురువారం బస్సులో రెండు గంటల ప్రయాణం. దారంతా ఆవిడ మనసులో పోట్లాడుతూనే ఉంది. అవతలివాళ్ళ మాటలు కూడా తనే అనుకుని, వాటికి తనే దిమ్మతిరిగే జవాబులిచ్చింది. పక్క సీటావిడ ఎందుకైనా మంచిదని కిటికీ వైపు జరిగి కూర్చుంది.

శిక్షణ కేంద్రంలో పొడుగాటి గది. రెండువైపులా బల్లలు, ఒక్కో బల్ల మీద ఒక్కో దీపం. కరిగిన మైనం వాసన, తడిసిన సుద్ద వాసన. పెద్ద పిల్లలు తలలు వంచుకుని సన్నటి చాకులతో గులాబీరంగు మైనం మీద పళ్ళు కూర్చుతున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. సుద్దముక్క ఇక్కడ ఎంత చక్కగా ఇమిడిపోయేదో అనిపించింది ఆవిడకి.

నేర్పే పెద్దాయన్ని అక్కడ అందరూ మాస్టారు అంటున్నారు. వేళ్ళ గోళ్ళలో సుద్ద, చొక్కా జేబులో ఎర్ర పెన్సిలు. ఆవిడ కూర్చోకుండానే అందుకుంది.

"మా పిల్లని ఎందుకు తీసేశారో కనుక్కుందామని వచ్చానండీ. తాళాల మేస్త్రి కూతురే కదా అని చులకనా?"

ఆయనకి కోపం రాలేదు. "మా నాన్న గొడుగులు బాగుచేసేవాడమ్మా. ఇక్కడ ఎవరి నాన్న ఏం చేస్తాడని చూడం. కూర్చోండి." బీరువా తెరిచి ఫైళ్ళు తిరగేశాడు. "రెండువందల పది దరఖాస్తులు, ఇరవై సీట్లు. అందరి చేతిపనీ చూడాలంటే నెల పడుతుంది. అందుకని మొదటి వడపోతలో బడివాళ్ళు రాసింది చదువుతాం. అందులో నిలిచినవాళ్ళు ఫారంతో పంపిన నమూనాలే విప్పుతాం."

"అంటే మా పిల్ల నమూనా విప్పనేలేదా?"

ఆయన బీరువా కింది అరలో ఉన్న చిన్న పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. సుద్దముక్క చెక్కిన పళ్ళు విరగకుండా ఉండాలని దూది చుట్టి, పాత గుడ్డలో పెట్టి కుట్టింది కుట్టు టీచరే. ఆవిడ వేసిన కుట్లు ఒక్కటీ తెగలేదు.

"ఎందుకు విప్పలేదండీ? ఏం తప్పు చేసింది?"

మాస్టారు ఫారం తీసి ఆవిడ ముందుకి తిప్పాడు. మూలన సుద్దముక్క ఫొటో, దాని పక్కన నాలుగు వరుసలు. గుండ్రటి అక్షరాలు. రెండు చోట్ల ఎర్ర గీతలు. "ఈమె చాలా నెమ్మదైన పిల్ల" అన్నచోట ఒకటి. "పనిలో తొందర అన్నది ఎరగదు" అన్నచోట ఇంకొకటి.

కుట్టు టీచరు తన రాత తనే పరాయివాళ్ళ రాత చదివినట్టు చదివింది.

"ఇది... ఇది మెచ్చుకోలండీ."

"మెచ్చుకోలా?"

"నెమ్మది అంటే నెమ్మదస్తురాలని. విసుక్కోదు, గొడవపడదు, చెయ్యి తొణకదు. తొందర చెయ్యి దారం తెంపుతుందని మేం అంటాం. ఈ పిల్ల దారం తెంపే రకం కాదని రాశాను."

"మాకు నెమ్మదంటే నిదానమేనమ్మా. పోయినసారి ముగ్గురు చేతి వేగం చాలక మధ్యలో మానేసి వెళ్ళారు. మూడు సీట్లు వృథా. అందుకని ఈసారి ఆ ఒక్కటీ గట్టిగా చూశాం. బస్సు నెమ్మదిగా పోతోందంటే బస్సు గుణం మంచిదనా అర్థం?"

"పిల్ల నెమ్మదైనదంటే?"

"పెళ్ళిసంబంధానికి రాస్తే మీరన్న అర్థమే వచ్చేదేమో. మీరు పనికి రాశారు."

ఆయన ఎగతాళిగా అనలేదు. అందుకే ఆ మాట మరీ లోతుగా దిగింది. ఆవిడకి ఆ ఆదివారం మధ్యాహ్నం గుర్తొచ్చింది. పద్నాలుగు ఫారాలు ముందేసుకుని కూర్చుంది. మిగతావాళ్ళకి చేతికొచ్చిన మాట రాసేసి, ఈ ఒక్క పిల్లకి మాత్రం ఎంతో ఆలోచించి, ఏరి ఏరి ఆ మాట వేసింది. తన ఎరికలో ఆడపిల్లకి అంతకంటే పెద్ద పొగడ్త లేదు. తన తల్లి తనని ఒక్కసారైనా ఆ మాట అంటే బాగుండునని చిన్నప్పుడు ఎంత ఆశపడిందో! కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. రాసిన చెయ్యి జారితే ఏం చెయ్యాలో ఏ సామెతా చెప్పదు.

"మా బడి నుంచే ఇంకో అమ్మాయిని తీసుకున్నారు..."

"చురుకైనది, చెప్పగానే అందుకుంటుంది అని రాశారు. నమూనా అంతంతమాత్రం. బడి అంతగా చెబుతోంది కదా, నేర్పితే వస్తుందిలే అనుకున్నాం." కాస్త ఆగి, "అదీ మీ రాతే కదమ్మా" అన్నాడు.

ఆవిడ బల్ల మీది చాకు అడక్కుండానే తీసుకుని, తను వేసిన కుట్లు తనే ఒక్కొక్కటిగా తెంపి, దూది విప్పింది. ఆరు పళ్ళు. రెండు దవడపళ్ళు, ఒక కోరపన్ను, మూడు ముందుపళ్ళు. మాస్టారు కోరపన్నుని చిటికెన వేలి మీద నిలబెట్టి దీపం దగ్గర పెట్టి తిప్పాడు. చాలాసేపు తిప్పాడు.

"ఏ చాకుతో చేసింది?"

"కంపాసు ముల్లుతోనండి."

"ఎన్ని రోజులు పట్టింది?"

"రోజులా? నా గదిలో కూర్చునే చేసింది. రెండు మధ్యాహ్నాలు, అన్నం తినే గంటలో. ఒక్కోరోజు మూడేసి."

ఆయన పన్నుని మెల్లిగా దూదిలో పెట్టేశాడు. ఆయన మొహంలో కలత ఆవిడకి కనబడింది. దానివల్ల ఒరిగేదేమీ లేదని కూడా కనబడింది. "పట్టిక అచ్చయి బోర్డుకెక్కిందమ్మా. ఇరవై మందికీ ఉత్తరాలు వెళ్ళిపోయాయి. వచ్చే ఏడాది పంపండి, మొదటి కవరు నేనే విప్పుతాను." తర్వాత కొంచెం మొహమాటంగా, "ఇవి ఇక్కడ ఉంచేస్తారా? కొత్తగా వచ్చే పిల్లలకి చూపించుకుంటాను" అన్నాడు.

కొత్తగా వచ్చే పిల్లల్లో రేడియో ఉంటుంది. సుద్దముక్క పళ్ళు చూసి రేడియో నేర్చుకుంటుంది.

"చేసిన పిల్లని అడగాలండీ," అని కుట్టు టీచరు పొట్లం మళ్ళీ చుట్టి సంచిలో పెట్టుకుంది. తిరుగు ప్రయాణంలో ఆవిడ ఎవరితోనూ పోట్లాడలేదు. పోట్లాడవలసిన మనిషి తన సీట్లోనే కూర్చుని ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం సుద్దముక్కని గదికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. ఎదురుగా కూర్చోబెట్టి, "తప్పు వాళ్ళది కాదు, నాది" అంది. ఎర్ర గీతల సంగతి చెప్పింది. పొట్లం విప్పలేదన్న సంగతి చెప్పింది. మాస్టారు కోరపన్నుని దీపం దగ్గర తిప్పి, కొత్త పిల్లలకి చూపించుకుంటానని అడిగిన సంగతి కూడా చెప్పింది.

సుద్దముక్క వింటూ, బల్ల అంచుమీద పేరుకున్న సుద్దపొడిని వేలితో ఒకచోటికి చేర్చింది.

"నాకు తెలుసు టీచర్."

"ఏం తెలుసు?"

"మీరు రాసింది. ఫొటో అంటించేటప్పుడు చదివాను. నేను నిదానం అని."

కుట్టు టీచరు ముందుకి వంగి, "మరి అప్పుడే అడగొద్దూ? నా చెయ్యి పట్టుకుని, ఇదేమిటి టీచర్ ఇలా రాశారని అడగొద్దటే?" అంది.

"ఏమని అడుగుతాను టీచర్? మూడేళ్ళ నుంచి చూస్తున్నారు. నా సంగతి నాకంటే మీకే బాగా తెలుస్తుంది కదా." పిల్ల గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. "మొదట్లో కొంచెం బాధేసింది. తర్వాత, నా మంచికే చెప్పారు కదా, మార్చుకుందాం అనుకున్నా. గడియారం పెట్టుకుని చేస్తున్నా. పెద్ద చెవికి పావుగంట పట్టేది, ఇప్పుడు తొమ్మిది నిమిషాలే."

"అయ్యో, అది కాదే!" కుట్టు టీచరు లేచి బల్ల ఇవతలికి వచ్చింది. నెమ్మది అంటే తన ఉద్దేశం ఏమిటో చెప్పింది. సౌమ్యమని చెప్పింది, ఓర్పని చెప్పింది, తొణకని కుండ అని చెప్పింది. నీ అంత చెయ్యి ఈ బడిలో ఎవరికీ లేదని, ఆ గడియారం అవతల పారెయ్యమని చెప్పింది. చెప్పిందే మూడుసార్లు చెప్పింది. సుద్దముక్క ప్రతిసారీ తలూపింది.

"అలాగే టీచర్."

"అర్థమైందా?"

"అయింది టీచర్."

ఆ మాటతో ఆవిడ ప్రాణం కాస్త కుదుటపడింది. సొరుగులోంచి తెల్లకాగితం, పెన్సిలు తీసి పిల్ల ముందు పెట్టింది. "వచ్చే ఏడాదికి చిత్తు ఇప్పుడే రాసిపెట్టుకుందాం. ఈసారి నీ గురించి నేను రాయను, నువ్వే రాయి. నేను సాపు మాత్రం చేస్తాను. ఉన్నదున్నట్టు రాయి. ఏదీ దాచకు, ఏదీ తగ్గించకు."

పక్కన నిలబడితే పిల్ల మొహమాటపడుతుందని కిటికీ దగ్గరికి వెళ్ళి, పాత ఫారాలు సర్దుతున్నట్టు నటించింది. వెనకనుంచి పెన్సిలు చప్పుడు వినబడింది, ఎక్కడా ఆగకుండా. గంట కొట్టారు. సుద్దముక్క కాగితాన్ని బోర్లించి, దాని మీద పెన్సిలు పెట్టి లేచింది.

"నాన్న సోమవారం నుంచి గోడౌనుకి వెళ్ళమన్నాడు టీచర్. వారానికో రోజు సెలవిస్తారట. ఆ రోజు వచ్చి సాపు చూసుకుంటాను."

"పళ్ళు తీసుకెళ్ళవే."

"ఆ మాస్టారుకే పంపించండి టీచర్. అక్కడ రేడియోకి పనికొస్తాయి."

పిల్ల వెళ్ళిపోయింది. కుట్టు టీచరు బల్ల దగ్గరికి వచ్చి కాగితం తిప్పింది. ఫారం నాలుగు వరుసలు అడిగితే మూడే ఉన్నాయి.

"నేను చిన్నప్పటి నుంచి పనిలో నిదానం. మా టీచరు చెప్పాక తెలిసి తగ్గించుకుంటున్నాను. ఒక అవకాశం ఇస్తే పూర్తిగా మానుకుంటాను."

ఆవిడ కాగితం చేత్తో పట్టుకునే గుమ్మం దాకా పరిగెత్తింది. సుద్దముక్క అప్పటికే మైదానం సగం దాటేసింది. మూడేళ్ళలో ఆ పిల్ల అంత వేగంగా నడవడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఆవిడ గట్టిగా పిలిచింది, రెండోసారి ఇంకా గట్టిగా పిలిచింది. పిల్ల వెనక్కి చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయింది.